నీలం వచ్చిన దారి

కిందటి వారం మనం కోడలిపిల్లను గట్టు మీద, చెట్టు వేళ్ల మధ్య, చేతిలో ఖాళీ డబ్బాతో వదిలేసి ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. ఆ చలిలో, ఆ మబ్బులో పాపం వారమంతా అక్కడే గొంతుక్కూర్చుని ఉంటుందని బెంగ పెట్టుకున్నవాళ్లుంటే స్థిమితపడండి. ఆ పిల్ల అప్పుడే ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లో నీలం పోక మళ్లీ కడుక్కుంది. ఆ తర్వాత ఏమీ ఎరగని మొహం పెట్టుకుని ఉద్యోగానికి కూడా వెళ్లొచ్చింది.

ఇవాళే కొత్తగా మన గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. అది కొండ నెత్తిన ఉన్న ఊరు. మబ్బులు అక్కడికి చుట్టపుచూపుగా రావు, కాపురానికే వస్తాయి. ఒకాయన గోడ అనుకుని మబ్బుకు మేకు కొట్టి చొక్కా తగిలించాడట. ఎండ వచ్చాక చొక్కా కిందపడింది గానీ మేకు ఇప్పటికీ దొరకలేదంటారు. నమ్మకపోతే మానెయ్యండి, కథకు నష్టం లేదు.

ఆ ఊళ్లో అత్తగారి లాండ్రీ కొండవాలున ఉంది. పైన గట్టు, గట్టు మీద సూదుల్లాంటి ఆకుల చెట్లు మూడు, వాటి కింద బట్టలారేసే దొడ్డి, దొడ్డి పక్కన బండల సందులోంచి జారే ఊట, ఊట కింద రాతి తొట్టి. ఊళ్లో నూతులన్నీ నోళ్లు వెళ్లబెట్టినా ఆ తొట్టి ఎండిన పాపాన పోలేదు. అత్తగారికి ఊటంటే ప్రాణం, చెట్లంటే మంట. చినుకు లేని రోజున కూడా ఆ చెట్లు టపటపా నీళ్లు రాలుస్తాయి. ఆరేసిన దుప్పట్లు ఆరినట్టే ఆరి మళ్లీ తడుస్తాయి. దాంతో విసిగిపోయి రంపమాయనకు కబురు పెట్టింది, మబ్బు పల్చబడిన రోజున వచ్చి మూడూ కొట్టేసి పొమ్మని.

వాతావరణ కేంద్రంలో పనిచేసే కోడలు నచ్చజెప్పబోయింది. "మీ ఊటకు నీళ్లు ఆ చెట్లే పెడుతున్నాయి అత్తయ్యా" అంది. "నా ఊట మా అత్తగారి నాటినుంచి ఉంది. నీ ఉద్యోగం మొన్న వచ్చింది" అని అత్తగారు మాట తెంచేసింది. ఇక మాటలతో లాభం లేదనుకుని కోడలు, అత్తగారి కొట్టుగదిలోంచే తెల్లబట్టలకు పెట్టే నీలిమందు డబ్బా ఎత్తుకుపోయి, చెట్టు వేళ్లు విచ్చదీసిన బండ బీటలో గుమ్మరించింది. చెట్టు కింద పోసిన నీలం తొట్టిలో తేలితే, దారి ఉన్నట్టే కదా! తేలే సమయానికి ఆ తొట్టిలో ఎవరైనా బట్టలు జాడిస్తుంటారేమో అన్న ముక్క మాత్రం ఆ పిల్లకు తట్టలేదు.

అదీ సంగతి. ఇక పదండి.

ఆ నీలం వెంటనే ఎక్కడా కనిపించలేదు. కొండ కడుపులోకి వెళ్లింది. వెలుగెరగని దారుల్లో, వేళ్లు ఒకప్పుడు వెంట్రుకవాసి సందులో దూరి ఏళ్ల తరబడి మెల్లగా ఒత్తి ఒత్తి విడదీసిన బండల మధ్య, కుళ్లిన వేళ్లు వదిలిపోయిన సన్నటి గొట్టాల్లో, దారి తెలిసిన మనిషిలా తీరుబడిగా నడిచింది. ఎక్కడో కాసేపు కునుకు తీసి ఉంటుంది కూడా. తడి ఉన్నచోటల్లా తడిని పలకరించింది. చివరకు ఒక తెల్లటి పొద్దున, అందరూ దాన్ని మరిచిపోయాక, ఊట నోట్లోంచి చప్పుడు లేకుండా బయటికొచ్చి తొట్టిలో దిగింది.

ఆ పొద్దున అత్తగారు ప్రసూతి ఆసుపత్రి దుప్పట్లు జాడిస్తోంది. ఊరు ఆవిణ్ణి తెల్లమ్మ అని పిలుస్తుంది. ఒంటి చాయ చూసి పెట్టిన పేరు కాదది. ఆవిడ చేతిలో పడిన గుడ్డకు వచ్చే తెలుపు చూసి పెట్టింది. ఆసుపత్రి నర్సులు కళ్లు చికిలించుకుని మరీ ఆ దుప్పట్లు పరుస్తారని చెప్పుకుంటారు. అటువంటి తెల్లమ్మ ఆ మబ్బులో తన చెయ్యి తనకే కనబడక, అలవాటు మీద జాడించి, అలవాటు మీద పిండి, తడుముకుంటూ తీగల మీద ఆరేసుకుంటూ పోయింది.

కాసేపటికి మబ్బు పల్చబడింది.

అత్తగారు నడుం మీద చేతులేసుకుని తలెత్తింది. ఎదురుగా ఆకాశం. ఎన్నాళ్లకు కనబడింది తల్లీ అనుకుంది. లేత నీలం, కడిగినట్టున్న నీలం. పక్కకు చూసింది, అక్కడా ఆకాశమే. వెనక్కి తిరిగింది, భుజం దగ్గరే ఆకాశం, దాని అంచున కుట్టు, కుట్టు చివర ఆసుపత్రి గుర్తు. ఆకాశానికి ఆసుపత్రి గుర్తెందుకుంటుంది? ఆకాశం అంచులనుంచి నీటిబొట్లెందుకు కారతాయి? దొడ్డినిండా తీగలనిండా ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా కోసి ఆరేసినట్టుంది. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆవిడకు అది బాగుందనిపించింది కూడా.

మరుక్షణం పెట్టిన కేకకు ఇస్త్రీ గదిలో కొడుకు చేతిలో పెట్టె జారింది.

"ఒరేయ్! రంగులాయనా!"

దొడ్డి గోడకు ఆనుకుని కింది మెట్టులో అద్దకం పని చేసే ఆయన ఉన్నాడు. ఊరంతటిలో రంగు నీళ్లతో సంబంధం ఉన్న మనిషి ఆయనొక్కడే కాబట్టి అత్తగారు తీర్పు చెప్పడానికి ఆట్టే ఆలోచించలేదు. గోడ మీదికి వంగి, చేతిలో తడి దుప్పటి జెండాలా ఊపింది.

"ఏం కళ్లురా నీవి! నా తెలుపు చూసి ఓర్వలేక తొట్టిలో రంగు కలుపుతావా?"

రంగులాయన మెడ ఎత్తి చూశాడు. మోచేతులదాకా ఎర్రగా ఉన్నాడు.

"అక్కయ్యా, కాస్త వెనక్కి జరుగు, పడతావ్. ఈ వారమంతా నాది ఎరుపు. చేతులు చూడు. నీలం ముట్టుకుని ఎన్నాళ్లయిందో."

"చేతులు కడుక్కున్నావేమో!"

"కడిగితే పోయేదైతే మా ఆవిడ నన్ను ఎప్పుడో ఇంట్లోకి రానిచ్చేది. అయినా అక్కయ్యా, నేనున్నది కింద, నువ్వున్నది పైన. నా నీళ్లు మెట్లెక్కి నీ తొట్టిలోకి వచ్చాయా? వస్తే చెప్పు, రేపటినుంచి వాటికి జీతమిచ్చి పనిలో పెట్టుకుంటాను."

 ఈలోగా కొడుకు పరిగెత్తుకొచ్చాడు. ఈ అబ్బాయిని ఊళ్లో అవునవును అంటారు. ఎవరేం చెప్పినా ఆ మాటే అంటాడు. అమ్మకూ పెళ్లానికీ మధ్య కాపురం చేసేవాడికి అంతకన్నా క్షేమమైన మాట ఇంకోటి లేదని వాడి సిద్ధాంతం.

"చూడరా, వీడు నా తొట్టిలో రంగు కలిపాడు!"

"అవునవును."

"బాబూ, నీళ్లు పైకి పారతాయా?"

"అవునవున... అంటే... పారవు, అవును."

అప్పుడే కోడలు ఉద్యోగానికి బయల్దేరి వాకిట్లోకి వచ్చింది. దొడ్డి నిండా వేలాడుతున్న నీలాన్ని చూసి ముందు ఆ పిల్లకు సంతోషం వేసింది. వచ్చింది! దారి ఉంది! ఆ సంతోషం కాళ్లదాకా దిగేలోపల అత్తగారి మొహం కనబడి గొంతులోనే ఆగిపోయింది. ఆవిడ దుప్పటి అంచును బొటనవేలితో రుద్దుతోంది, నీలం పోతుందేమోనని. కోపంతో ఊగే చేతులు ఆ పిల్లకు పరిచయమే. ఇవి అవి కావు.

"అత్తయ్యా, ఆయన్నేం అనకండి. నేను."

"నువ్వేంటే?"

"నీలం. నేనే పోశాను. కొట్టుగదిలో డబ్బా తీసుకెళ్లి చెట్టు కింద బీటలో పోశాను."

రంగులాయన గోడ అవతలినుంచి మెల్లగా తల దించుకుని మాయమయ్యాడు. అత్తాకోడళ్ల మధ్య నిలబడే ధైర్యం ఎరుపుకు లేదు, నీలానికీ లేదు.

అత్తగారు అరవలేదు. అరిస్తే బాగుండేది. దుప్పటిని మడతపెట్టింది, తడిదాన్నే, నాలుగు మడతలు పెట్టి తొట్టి గట్టు మీద ఉంచి దాని పక్కనే కూర్చుంది.

"చెట్టు కింద పోశావా."

"అవును అత్తయ్యా."

"ఇక్కడికొచ్చింది."

"వచ్చింది."

"ఇవి పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే దుప్పట్లు. తెలుసుగా?"

"తెలుసు. మళ్లీ నేనే ఉతుకుతాను. ఎన్నిసార్లైనా ఉతుకుతాను."

"నువ్వు ఉతికితే ఆకుపచ్చ కూడా వస్తుంది" అంది అత్తగారు. కొడుకు అవునవును అనబోయి పెళ్లాం చూపు తగిలి దగ్గాడు.

తొట్టిలో నీళ్లు అడుగున ఇంకా లేతనీలంగా కదులుతున్నాయి. అత్తగారు అందులోకే చూస్తూ కూర్చుంది. కోడలికి ఒక సంగతి తెలుసు. తెల్లమ్మకు చదువు లేకపోవచ్చు గానీ బుర్ర చాలా చురుకు. మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో గుడ్డను చూసి చెప్పగలదు. ఇప్పుడా బుర్ర పనిచేస్తున్న చప్పుడు వినబడుతున్నట్టే ఉంది.

"సరే" అంది చివరకు. "అక్కడ పోసింది ఇక్కడికొచ్చింది. బండలో దారుంది. ఒప్పుకున్నా. కానీ దారి బండది కదే, చెట్టు కొట్టేస్తే బండ ఎక్కడికి పోతుంది? రేపు వాన పడితే అదే దారిన వస్తాయి నీళ్లు. ఇంకా ఎక్కువే వస్తాయి. చెట్టు తాగేది కూడా మిగులుతుంది. చెట్టు నీళ్లు తాగదా? మీ కేంద్రంలో పెద్దాయనే అన్నాడు, ఒక్కో చెట్టు తొట్టెలకొద్దీ తాగుతుందని."

కోడలికి ముచ్చటేసింది. కేంద్రంలో కొత్తగా చేరినవాళ్లు ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి చాలా రోజులు పడుతుంది.

"తాగుతుంది అత్తయ్యా. చాలా చోట్ల తాగేదే ఎక్కువ. చెట్లుంటే చాలు నీళ్లు వచ్చేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి, నేను చెప్పినా సరే. కానీ ఈ గట్టు వేరు. ఇక్కడ వానకన్నా మబ్బు ఎక్కువ. వాన తనంతట తను పడుతుంది. మబ్బు పడలేదు, దాని బొట్లు మరీ చిన్నవి, గాలిలో తేలుతూ వెళ్లిపోతాయి. ఏదో ఒకటి అడ్డం నిలబడి పట్టుకోవాలి."

"చెట్టు పట్టుకుంటుందంటావ్."

"దువ్వుతుంది. ఆ సూదులన్నీ దువ్వెన పళ్లే. చిన్న బొట్టు సూదికి తగిలి ఆగుతుంది, పక్కదానితో కలుస్తుంది, బరువెక్కుతుంది, జారుతుంది."

"జారి నా దుప్పటి మీద పడుతుంది" అంది అత్తగారు.

"మీ దుప్పటి మీద పడేది పోగా మిగిలింది మీ తొట్టిలో పడుతుంది."

సరిగ్గా అప్పుడు రంపమాయన వచ్చాడు. భుజాన తాడు చుట్ట, చేతిలో రంపం, మొహంలో పెళ్లికొచ్చినంత కళ. మబ్బు పల్చబడింది కదా మరి.

"వదినా, మంచి రోజు చూసుకున్నావ్. మావాళ్లు కింద టీ తాగుతున్నారు. నేనెక్కి పైకొమ్మలకు తాడు వేసేస్తే మధ్యాహ్నానికి నీ దొడ్డి నిండా ఎండే. ఇదేంటి, దుప్పట్లు నీలంగా ఉన్నాయి? కొత్త వ్యాపారమా?"

"నోరు మూసుకుని కూర్చోవయ్యా" అంది అత్తగారు. తర్వాత లేచింది. కొట్టుగదిలోకి వెళ్లి నీలం అంటని రెండు పొడి దుప్పట్లు తెచ్చింది, ఒకే తానులోవి, ఒకే బరువువి. రెండిటినీ చెరో చేతా ఎత్తి తూచింది.

"నీ లెక్కలు నాకొద్దు" అంది కోడలితో. "నీ గాజు గొట్టాలూ వద్దు. ఒకటి చెట్టు కింద కడతా. ఒకటి చెట్టు లేనిచోట, అదే గట్టు మీద, అదే మబ్బులో కడతా. రెండిట్నీ నేనే పిండుతా. నా చేతులకు ఎవరూ అబద్ధం చెప్పలేరు. రెండూ ఒక్కటే అయితే, ఏమయ్యా, మూడు చెట్లూ నీవి."

"కాకపోతే?" అన్నాడు రంపమాయన.

"కాకపోతే అప్పుడు చూద్దాం."

గట్టెక్కేసరికి మబ్బు మళ్లీ తిరిగొచ్చింది. అవతలి లోయలోంచి, మంద కదిలినట్టు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వచ్చి వాళ్లను చుట్టేసింది. అత్తగారు ఒక దుప్పటిని చెట్టు కింద కొమ్మకు కట్టింది. రెండోదాన్ని కాస్త దూరాన పాత ఆరేసే గుంజల మధ్య కట్టొచ్చింది. రంపమాయన ఎక్కడ కూర్చున్నాడో చుట్ట వాసనను బట్టి తెలుస్తోంది. అవునవును కింద ఇస్త్రీ పెట్టె చల్లారుతుందని దిగిపోయాడు. అత్తాకోడళ్లిద్దరూ చెట్టు మొదట్లో, మెత్తగా పరుచుకున్న ఎండు సూదుల మీద పక్కపక్కన కూర్చున్నారు.

తెలుపు తప్ప లోకంలో మరేమీ లేదు. ఆ తెలుపులో చప్పుళ్లు మాత్రం చాలా దగ్గరగా వినిపిస్తున్నాయి. టప్. ఇంకోచోట టప్. అలవాటైన చెవికి అది కాసేపటికి వరసగా, ఎవరో చాలామంది చాలా మెల్లగా నడుస్తున్నట్టుగా వినబడసాగింది. పైన సూదులు మబ్బును చీలుస్తుంటే ఆ గాలికి ఒక నిట్టూర్పులాంటిది పుట్టి, ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు వెళ్లి, తిరిగి వస్తోంది. కోడలు అరచెయ్యి కింది సూదులను పక్కకు తోసింది. అడుగున నేల నల్లగా, తడిగా, ఊపిరి పీల్చుకున్నట్టు మెత్తగా ఉంది.

"చూడండి అత్తయ్యా. వాన పడి ఎన్నాళ్లయింది? ఈ ఎండుసూదుల పరుపు నీళ్లను పట్టి ఉంచుతుంది. నీడ ఎండ తగలనివ్వదు. అప్పుడు వేళ్ల వెంబడే లోపలికి దిగుతాయి, తొందరేం లేకుండా."

అత్తగారు ఆ నేల మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"నేను కాపురానికి వచ్చినప్పుడు ఇవి నా మోకాలెత్తు లేవు" అంది, ఎవరితోనో అన్నట్టు. "ఎవరూ నాటలేదు. గాలికొచ్చి పడి మొలిచాయి. పెరిగాక తీగ కట్టుకోవచ్చులే అని మా అత్తగారు ఉంచింది. లేకపోతే అప్పుడే పీకేసేదాన్ని."

కోడలు మెల్లగా తలతిప్పింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. అడగకుండా ఉండలేకపోయింది. ఆ పిల్ల స్వభావమే అంత.

"అప్పుడు ఊట ఎలా ఉండేది అత్తయ్యా?"

 టప్, టప్ అని మబ్బు నడుస్తోంది. పైన ఒక కొమ్మ కదిలి ఇద్దరి మీదా నాలుగు చినుకులు విదిల్చింది.

"దారంలా ఉండేది" అంది చివరకు. "పిల్లి తాగినా అయిపోయేంత. మా అత్తగారు రోజుకో నాలుగు గుడ్డలు ఉతకడానికే ఏడ్చేది. నేనంటే పడేది కాదు ఆవిడకు. కూర్చుంటే తప్పు, లేస్తే తప్పు. పుట్టింటికి పంపించేస్తానని మూట కూడా కట్టించింది ఒకసారి."

"మరి?"

"మరేముంది. నేనొచ్చిన కొన్నేళ్లకు ఊట లావెక్కింది. ముందు వేలంత, తర్వాత మణికట్టంత. ఊరంతా వచ్చి చూసింది. ఈ కోడలు కాలు పెట్టిన వేళ మంచిది, నీళ్లు వెతుక్కుంటూ వచ్చాయన్నారు. అప్పట్నుంచి మా అత్తగారు నన్ను పల్లెత్తు మాట అన్లేదే. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నీ కాలి చలవే తల్లీ అంది. ఆ మాట మీదే బతికా ఇన్నాళ్లూ. ఇంట్లో నా మాట చెల్లేది దాని మీదే. లాండ్రీ నడిపిందీ దాని మీదే. కష్టమొచ్చినప్పుడు తొట్టి దగ్గరికెళ్లి కూర్చుని, నేనొచ్చాను కాబట్టే నువ్వొచ్చావ్ అనుకునేదాన్ని దాంతో."

మబ్బులో ఆవిడ మొహం సరిగా కనబడటం లేదు. గొంతు మాత్రం పక్కనే ఉంది.

"ఇవి పెరిగాయి, అదీ పెరిగింది. అంతేగా నువ్వు చెప్పేది?"

 నీలం పోసిననాడు కోడలు గెలవాలనుకున్నది చెట్ల కోసం. ఓడిపోయేవాళ్లు ఏం పోగొట్టుకుంటారో అప్పుడు తెలియదు. కాదు అత్తయ్యా, మీ కాలి వేళే అని ఒక్క అబద్ధం చెబితే ఆ మనిషి గుండె చల్లబడుతుంది. చెబితే చెట్లు పోతాయి. పోనీ నిజమే చెబుదామంటే ఆ మనిషికి మిగిలేదేమీ లేదు. అలా కూర్చుండిపోయింది, తడి నేల మీద అత్తగారి చేతి పక్కన తన చెయ్యి ఉంచి.

"మాట్లాడవేం? రోజూ గలగలలాడతావుగా."

"ఏం చెప్పాలో తెలీటం లేదు అత్తయ్యా."

"హమ్మయ్య. నీకూ తెలీనిది ఒకటి దొరికింది" అని లేచింది అత్తగారు.

ముందు దూరాన ఉన్న దుప్పటి దగ్గరికి వెళ్లింది. గుంజలనుంచి విప్పి, మెలితిప్పి, పిండింది. ఎవరో పసివాడు నోటితో ఆవిరి ఊదినట్టు చెమ్మగిల్లిందే తప్ప ఒక్క బొట్టు రాలలేదు. ఇంకాస్త తిప్పింది. ఆవిడ మెలిపెడితే ఎండిన గుడ్డ కూడా ఏడుస్తుందంటారు. అదీ ఏడవలేదు.

తిరిగొచ్చి చెట్టు కింది దుప్పటి విప్పింది. విప్పుతుండగానే అది బరువుకు ఆవిడ చేతుల్లోంచి జారబోయింది. రంపమాయన కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఒక కొస కోడలికిచ్చి, రెండో కొస తను పట్టుకుని మెలితిప్పింది.

నీళ్లు పడ్డాయి. ధారగా పడ్డాయి. ఎండుసూదుల మీద చప్పుడు చేస్తూ పడి, పడిన చోటే మాయమై నేలలోకి ఇంకిపోయాయి. అత్తగారు మళ్లీ తిప్పింది. మళ్లీ పడ్డాయి. చేతులకు సంగతి ఎప్పుడో తెలిసిపోయింది, అయినా తిప్పుతూనే ఉంది. కోడలు ఆ కొసను వదల్లేదు. ఇద్దరి మధ్యా ఆ దుప్పటి తాడైపోయింది.

"చాలు వదినా, చిరుగుతుంది" అన్నాడు రంపమాయన మెల్లగా.

అత్తగారు ఆగింది. చేతులు చీరకు తుడుచుకుంది. తలెత్తి చెట్టును చూసింది, మొదలునుంచి మబ్బులో కలిసిపోయిన చోటుదాకా. కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని ఎగాదిగా చూసినట్టు చూసింది.

"తాడు చుట్టెయ్యవయ్యా" అంది. "కిందికెళ్లి మీవాళ్లందరికీ నా లెక్కన ఇంకో టీ పొయ్యమను. ఏమే, రేపట్నుంచి దుప్పట్లు కింద రంగులాయన గోడ మీద ఆరేద్దాం. వాడేమన్నా అంటే నేను చూసుకుంటా."

"అత్తయ్యా..."

"ఆగు, ఇంకా అవలేదు. నీ కేంద్రంలో ఏం రాసుకుంటావో రాసుకో. ఊళ్లో మాత్రం ఎవరడిగినా నా కాలి వేళే అని చెప్పు. చెట్లు వచ్చి కాదని చెప్పవులే."

"చెప్పవు" అంది కోడలు. నవ్వబోయింది గానీ కళ్లు తడిశాయి. ఆ తడిని మబ్బు మీదికి నెట్టేయడానికి వీలున్న ఊరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రంపమాయన నిట్టూర్చి, రంపం ఒళ్లో పెట్టుకుని, తాడు చుట్టడం మొదలుపెట్టాడు. అత్తగారు మళ్లీ చెట్టు మొదట్లో కూర్చుంది. ఈసారి వీపు దానికే ఆనించింది. పని ఉందని ఎవరూ అనలేదు. దిగువన ఎక్కడో ఇస్త్రీ బల్ల మీద అవునవును పెట్టె చప్పుడు, దానిమీదుగా నీటిబొట్ల నడక, అంతకుమించి ఏమీ లేదు. కోడలికి కళ్లు మూతలు పడుతున్నాయి. మబ్బు తన మీదుగా వెళ్తోందా, తనే మబ్బులో వెళ్తోందా అన్నది తేలకుండా ఉంది.

అంతలో ఆ చప్పుడు వినిపించింది.

పంటి కింద ఇసుకలాంటి చప్పుడు. సన్నగా మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. అత్తగారు ముందు రంపమాయన వైపు విసుగ్గా తిరిగింది.

"ఆపమన్నానా లేదా?"

"నేనేం చేశాను వదినా?" రంపం ఆయన ఒళ్లోనే ఉంది.

"అయితే మీవాళ్లు."

"మావాళ్లు కింద టీ తాగుతున్నారు. నాది తప్ప వాళ్ల దగ్గర రంపం లేదు." ఆయన లేచి నిలబడ్డాడు. మెడ సాచి విన్నాడు. మొహంలో రంగు పోయింది. "ఇది చేతిరంపం కాదు. యంత్రం. అదీ ఒక్కటి కాదు."

చప్పుడు గట్టు అవతలినుంచి వస్తోంది. అవతల అడవి ఉంది. లోయలోంచి వచ్చే మబ్బు ముందు ఆ అడవినంతా దాటుకుని, దానికి ఇవ్వాల్సింది ఇచ్చి, మిగిలినదే ఈ గట్టెక్కి ఈ మూడు చెట్ల దగ్గరికి వస్తుంది. ఊరి నూతులన్నిటికీ నీళ్లు ఆ అడవినుంచే వస్తాయన్న మాట కోడలు ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, మూడు చెట్ల సంగతే నమ్మించలేనిదాన్ని అడవి సంగతి ఏం నమ్మిస్తానని.

"అది ఎవరిదే, అటువైపు?" అడిగింది అత్తగారు.

"ఎవరిదీ కాదనుకున్నాను అత్తయ్యా" అంది కోడలు.

చప్పుడు ఆగింది. ఆగినచోట ఎవరో మబ్బులో పెద్దగా ఊపిరి పీల్చినట్టయింది. తర్వాత దూరాన ఏదో చాలా మెల్లగా ఒరిగిన చప్పుడు, ఇంకా ఒరుగుతూనే ఉన్న చప్పుడు. ఆఖరున వాళ్ల కాళ్ల కింద నేల ఒక్కసారి అదిరింది. నెత్తిన ఉన్న చెట్టు ఉలిక్కిపడి, తన సూదుల నిండా దాచుకున్న నీళ్లన్నీ ఒక్క విదిలింపుతో ముగ్గురి మీదా కుమ్మరించింది.

ఎవరూ మొహం తుడుచుకోలేదు.

అత్తగారు చీరకొంగు నడుముకు బిగించింది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ ఆ గట్టు దాటి అవతల అడుగుపెట్టలేదు. ఇప్పుడు పక్కనున్నవాళ్లను పిలవనైనా పిలవకుండా, ఆ చప్పుడు వచ్చిన వైపు మబ్బులోకి నడిచి వెళ్లిపోయింది.